తోలు లేని హెడ్‌ఫోన్లు

మా అత్తమ్మ టీవీ మానేసి అప్పటికి తొమ్మిది రోజులు. దీపం పెట్టాక ఎప్పటిలాగే పీట వేసుకుని, తల మీద కొంగు కప్పుకుని, ఆపేసిన టీవీ ఎదురుగా కూర్చునేది. నల్లటి అద్దంలో ఆవిడ ముఖం, వెనక దీపం కనబడేవి. టీవీలో పురాణం వచ్చే గంటసేపూ అలాగే కూర్చుని, గంట కాగానే లేచి పోయేది.

"సౌండు తగ్గించి పెట్టుకోవచ్చు కదా అత్తమ్మా?" అన్నాను ఒకరోజు.

"తగ్గిస్తే నాకేటి ఇనబడతాది? బొమ్మలు సూసుకోడానికి నానేటి సిన్నపిల్లనా?"

ఒడియా సీమలో మేముండే హల్దియాపదర్‌లో మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒకటే. పక్కింటి ఒడియా ఆవిడ భర్తకి గుండె ఆపరేషనై ఇంటికి వచ్చాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టక, సాయంత్రం పూటే కాస్త కునుకు తీస్తాడట. ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇంట్లో పూజ చేసుకున్న ప్రసాదం తెచ్చి, అత్తమ్మని పిన్ని వరసలో పిలిచి, "మావుసీ, మీ పురాణం ఎన్ని గంటలకి అయిపోతుంది?" అని మాత్రం అడిగింది, నేల చూస్తూ. మా అత్తమ్మకి అడిగింది సగమే వినబడుతుంది గాని, అడగలేకపోయింది మాత్రం పూర్తిగా వినబడుతుంది. ఆ సాయంత్రం నుంచే టీవీ బందు.

బాధ ఏమిటంటే పురాణం సగంలో ఉంది. రాబోయే పున్నమికి ఫలశ్రుతి చెప్పి ముగిస్తామని టీవీలో అంతకు ముందే ప్రకటించారు. మొదలుపెట్టిన పురాణం ఫలశ్రుతి దాకా వినకుండా మధ్యలో లేవకూడదని అత్తమ్మ నమ్మకం. "నడిమిన పోయింది పోయింది. సివరి మాట ఇనకుండా పోతానేమోనే పిల్లా," అని ఒక్కసారే అంది. ఎనభై దగ్గర పడుతున్న మనిషి ఆ 'పోతానేమో' అన్నది దేని గురించో నాకు అడగబుద్ధి కాలేదు.

నాకూ ఆ పురాణంతో చుట్టరికం ఉంది. నేను బడికి వెళ్ళలేదు. మా పుట్టింటి ఊరు దిగపహండిలో మేమున్న వీధికి తెలుగు బడి లేదు. మా నాన్న ఇంట్లోనే గచ్చు మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించాడు. ఆయన పుణ్యమా అని చదవడం రాయడం వచ్చాయి. మిగతా చదువంతా చెవులతోనే. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి వంటింట్లో పని చేసుకుంటూ ముందు గదిలోని పురాణం వింటున్నాను. కథ చెప్పేవారికి ఊఁ కొట్టకపోతే కథ అలుగుతుందంటారు మా వాళ్ళు. అత్తమ్మ ముందు గదిలో ఊఁ అంటే, నేను పొయ్యి దగ్గర ఊఁ అనేదాన్ని. టీవీలో ఆయనకి మీ ఊఁలు వినబడవని మా ఆయన నవ్వితే, "ఆయనకి ఇనబడకపోతే ఏటి? ఇనవలసినోడికి ఇనబడతాయి," అనేది అత్తమ్మ.

హెడ్‌ఫోన్లు కొందామన్నది మా ఆయనే. "సెవులకి తగిలించుకుంటే అమ్మకే ఇనబడతాది, గోడకి ఇనబడదు. నువ్వే ఎల్లి సూడు. నాను తెస్తే అమ్మ వంకలెడతాది. నువ్వు తెస్తే మొహమాట పడతాది," అన్నాడు. రైల్వే ఆఫీసులో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన తెలివి అది.

బజారులో అలాంటివి అమ్మే కొట్టు ఒకటి నాకు తెలుసు. కొట్టాయన ఒడియావాడే అయినా మన తెలుగు మనలాగే మాట్లాడతాడు. చవకలో టీవీకి హెడ్‌ఫోన్లు కావాలన్నాను.

"వైరా, బ్లూటూతా మావుసీ?"

"ఏది మంచిది?"

"టీవీలో బ్లూటూత్ ఉందేటి?"

"తెలీదు."

"పోనీ వెనకాల బొక్క ఏ రకం?"

ఇన్నేళ్ళుగా ఆ టీవీ మీద దుమ్ము తుడుస్తున్నాను. దాని వెనక ఏముందో నాకు తెలియదని ఆ రోజే తెలిసింది. బ్లూటూత్ లేకపోతే విడిగా ఒక డబ్బా కొనాలిట. దానికి చార్జింగు, చెవులవాటికి వేరే చార్జింగు. ఒక్కోసారి పెదవులు ముందు కదులుతాయి, మాట వెనక వస్తుందిట. మాట వెనకబడితే అత్తమ్మ ఊఁ ఎప్పుడు కొట్టాలి? ముందు కదిలిన పెదవికా, వెనకొచ్చిన మాటకా? నా అయోమయం చూసి ఆయన, "ఒక పని సెయ్యి మావుసీ, టీవీనే నెత్తినెట్టుకుని తెచ్చీ," అన్నాడు.

ఇంటికి వచ్చి, మా ఆయన చేత టీవీ గోడకి ఎడంగా జరిపించి, వెనక ఉన్న బొక్కలన్నీ కాగితం మీద పెన్సిలుతో గీసుకున్నాను. పొడుగువి, పలకవి, ఎరుపు తెలుపు గుండ్రటివి. ఒక మూల చిన్న గుండ్రటి బొక్క పక్కన బుల్లి గుర్తు ఉంది. ద్వారానికి కట్టిన తోరణం రెండు కొసలా రెండు కాయలు వేలాడుతున్నట్టు. అదీ గీశాను.

మర్నాడు కాగితం చూసి కొట్టాయన పడీ పడీ నవ్వాడు. "ఇది ఏటి గీసినావో తెలుసా? నువ్వు కొనడానికొచ్చిందే! హెడ్‌ఫోన్ బొమ్మ. నీ టీవీ సెప్తానే ఉంది, నువ్వే ఇనలేదు."

సిగ్గేసింది. దేవుడి దయవల్ల ఆ బొక్క ఉన్నందుకు సంతోషమూ వేసింది. ఇంక వైరుదే కొనాలి, డబ్బా అక్కర్లేదు. ఒక చిక్కు తీరిందనుకున్నాను గాని, తీరింది ఒకటే. చెవిలో దూర్చుకునేవి వద్దు, అత్తమ్మ ఒప్పుకోదు. చెవి మీద ఆనేవి పెట్టుకు చూస్తే కమ్మల సీల వెనక గుచ్చుకుంది. ఇంక చెవిని మొత్తం కప్పే పెద్దవి. అవి మెత్తగా హాయిగా ఉన్నాయి. ధర కూడా నేను తెచ్చుకున్న దాంట్లోనే ఉంది. తీసుకుందామని పెట్టె తిప్పితే, ఇంగ్లీషులో ప్రోటీన్ లెదర్ అని రాసి ఉంది. సబ్బు పెట్టెలూ కొట్ల బోర్డులూ చూసి నేర్చుకున్న ఇంగ్లీషు నాది, కూడబలుక్కునే చదువుతాను, అయినా లెదర్ అంటే తోలని తెలుసు.

మా ఇంట్లో దీపం పెట్టాక తోలు ముట్టుకోరు. మా ఆయన బెల్టూ పర్సూ కూడా గుమ్మం పక్క మేకుకే వేలాడాలి. అలాంటిది పురాణం వినే చెవులకి తోలు తొడగడమా?

"ఇది ఏ జంతువుది నాయనా?" అన్నాను.

"ఏ జంతువుదీ కాదు మావుసీ. ప్లాస్టిక్కు."

"మరి తోలని రాసినారేటి?"

"అలగ రాస్తే అమ్ముడవుతాది."

"అలగ రాస్తే మా ఇంట్లో అడుగు పెట్టదు. మరి ప్రోటీను అంటే ఏటి? పప్పు, గుడ్డు, సేప అని ఆస్పత్రిలో సెప్పినారు. అందులో ఏటితో సేసినారు?"

ఆయన పెట్టె తన చేతిలోకి తీసుకుని చదివాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు. "ఏటో మావుసీ, ఇన్నాళ్ళూ అమ్ముతున్నాను, ఇలగ ఎవులూ అడగలేదు. జంతువుది కాదు. ఠాకురాణి మీద ఒట్టు."

"అమ్మవారిని ఇందులోకి లాగకు బాబూ!"

అబద్ధం ఆడుతున్నాడని నేను అనుకోలేదు. కాని తెలియకుండా కొని అత్తమ్మకి తొడిగితే ఆ దోషం ఆయనకా, నాకా, రాసినవాడికా? తేల్చుకోలేక అలాగే నిలబడిపోయాను. ఆయనే చివరికి నిచ్చెన వేసుకుని అటక మీది నుంచి పాత సరుకు దించాడు. దుమ్ము పట్టిన పెట్టె. లోపల చెవి గిన్నెల చుట్టూ జాలీ గుడ్డ. చూడ్డానికి మొరటుగా ఉన్నాయి, రంగు వెలిసినట్టుంది. "ఇవి ఎవులూ కొనరు. గుడ్డది గనక నీకోసమే మిగిలినట్టుంది," అన్నాడు. పొడుగు వైరు ఒకటి విడిగా కలిపి, ముందుదానికంటే తక్కువకే ఇచ్చాడు. మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను, ఆయనకో దేవుడికో సరిగ్గా గుర్తులేదు.

ఆ సాయంత్రం తగిలించబోతే ఇంకో సందేహం. కొంగు ముందా, హెడ్‌ఫోన్లు ముందా? కొంగు మీద పెడితే జారిపోతోంది. కొంగు కింద పెడితే కొప్పుకి అడ్డం. "ఏటే ఇది, కిరీటమా? ఈ వయసులో నాకు పట్టాభిషేకం సేస్తన్నావా?" అంది. కొప్పు కిందికి దించి ముడేసి, హెడ్‌ఫోన్లు పెట్టి, పైన కొంగు కప్పాను. టీవీ పెట్టి వైరు గుచ్చగానే గది నిశ్శబ్దమైంది. అత్తమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "ఓలమ్మో! నా తలకాయలోనే కూకుని సెప్తన్నాడే!" అని గట్టిగా అరిచింది.

నేను వంటింట్లోకి వెళ్ళి పిండి కలుపుతూ నిలబడ్డాను. ఏమీ వినబడలేదు. అవును, వినబడదు కదా. కొన్నది అందుకే కదా. పక్కింటాయన నిద్రపోవాలి, అత్తమ్మ పురాణం వినాలి. రెండూ జరుగుతున్నాయి. ముందు గదిలోంచి "ఊఁ" అని వినబడితే, నేనూ అలవాటు కొద్దీ ఊఁ అన్నాను. దేనికి అన్నానో నాకు తెలియదు.

నాలుగో రోజున పక్కింటావిడ కంగారుగా వచ్చింది. నన్ను అక్క వరసలో అపా అంటుంది. "అపా, మావుసికి ఒంట్లో బాగలేదా? రోజూ ఈ వేళకి మూలుగు వినబడతంది. మా ఆయన లేచి కూచుని, 'ఎల్లి సూడు, ఆస్పత్రికి తీసుకెల్లాలేమో' అంటున్నాడు."

చెవులు మూసి ఉండటంతో అత్తమ్మకి తన గొంతు తనకి తెలియడం లేదు. ఊఁలన్నీ గోడ దాటుతున్నాయి. ఆవిడని లోపలికి తీసుకెళ్ళి చూపించాను. సరిగ్గా అప్పుడే అత్తమ్మ కళ్ళు మూసుకుని "ఊఁ...ఁ" అని సాగదీసింది. ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాం. "పోనీలే అపా, ఇంక మూలుగు కాదని సెప్తే భయం లేకుండా పడుకుంటాడు," అని వెళ్ళిపోయింది. ఎంత మంచి మనుషుల మధ్య పెట్టాడు భగవంతుడు మమ్మల్ని!

అత్తమ్మతో ఈ సంగతీ, వంటింట్లో నేనూ ఊఁ అంటున్న సంగతీ చెబితే ముందు కోప్పడి, తర్వాత ఏదో ఆలోచించింది. ఆ సాయంత్రం పురాణం కాగానే నేరుగా వంటింట్లోకి వచ్చి పీట వేసుకు కూర్చుంది.

"నువ్వు ఇనడం లేదు కదే?"

"లేదత్తమ్మా."

"మరి ఊఁ అంటన్నావేటి, దొంగమొకమా?" అని, ఆ రోజు విన్నదంతా చెప్పడం మొదలుపెట్టింది. రోజూ అదే పని. ఆవిడ చెప్పే కథలో రాజుగారు రైల్వే క్వార్టర్ల దగ్గర మలుపు తిరుగుతాడు, ఋషి భార్య అచ్చం మా ఆడబిడ్డలా సణుగుతుంది. ఏది పురాణమో, ఏది అత్తమ్మ కలిపిందో పోల్చుకోలేక నేను ఊఁ కొడుతూనే ఉన్నాను.

ఈలోగా బజారు వెళ్ళినప్పుడు కొట్టాయన ఒక చిన్న ముక్క చూపించాడు. ఒక బొక్కకి రెండు వైర్లు తగిలించుకోవచ్చట, ఇద్దరూ వినొచ్చు. కొన్నాను. ఇంకో జత హెడ్‌ఫోన్లు కూడా అడగబోయి ఆగిపోయాను. నేనూ చెవులకి తొడుక్కుంటే అత్తమ్మ ఎవరికి చెబుతుంది? తొడుక్కోకపోతే అసలు పురాణం నాకెలా తెలుస్తుంది? ఆ ముక్క ఇంకా దేవుడి గూట్లో నేను గీసిన కాగితం పక్కన ఉంది. ఏది సరైనదో ఇప్పటికీ తెలియదు.

పున్నమి రోజు అత్తమ్మ ఫలశ్రుతి విన్నది. లేచి, టీవీకి దణ్ణం పెట్టి, గుడ్డ గిన్నెలు రెండూ తీసి కళ్ళకద్దుకుని, పొయ్యి దగ్గరికి వచ్చింది.

"అయిపోయిందే. సెప్పినోలికి మంచి జరుగుతాదంట. ఇన్నోలికి మంచి జరుగుతాదంట. ఇన్నోల కాడ ఇన్నోలికి కూడా అంతే జరుగుతాదంట."

ఆ చివరి మాట నేను ఏ ఫలశ్రుతిలోనూ వినలేదు. "అలగ సెప్పినారా అత్తమ్మా, నిజంగా?" అన్నాను.

"ముందు ఊఁ అనే," అంది.

ఊఁ అన్నాను.