మామిడి తోపులో చైను బండి

పొద్దున కాఫీ లోటా నోటి దగ్గరికి తీసుకున్నానో లేదో, మామిడి తోపులోంచి గరగరమని చైను చప్పుడు వినిపించింది. వెనకే తడిమన్ను వాసన, డీజిల్ వాసన. లోటా దించేశాను. ఈ వయసులో కూడా ఆ చప్పుడు వింటే నా కాళ్ళు ఒకచోట నిలవవు. ఆ బండిని మా ఊరికి తెచ్చినవాడు అశ్వత్థప్ప బావ. ఆయన పోయి ఏళ్ళయింది. ఆయన్ని చూడనివాళ్ళకు ఎట్లాంటి మనిషో చెప్పాలంటే, ఒక ఏడు కురిసిన వాన గురించి చెప్పాలి.

మాది చింతామణి దగ్గర చిన్న ఊరు. బావ మా పక్కింటివాడు, వరసకు బావ. మిలిటరీలో డ్రైవరుగా ఉత్తరాన మంచుకొండల్లో పనిచేసి వచ్చాడు. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. మంచంటే ధనుర్మాసంలో చేను తడిపేదే నాకు తెలుసు. అక్కడ దేవదారు అడవిలో దారి ఒక్క బండి పట్టేంతే ఉంటుందట. మంచు కురిసినప్పుడల్లా చక్రాలు లేని బండి ఇనుప చైన్లమీద పాకుతూ పోయి, వెనక కట్టిన దువ్వెనతో గడ్డలు చీల్చి, బరువుతో అణిచి, చాప పరిచినట్టు చేసేదట. చెబుతూ చెబుతూ మా అరుగుమీద రాగిపిండి పోసి, వేళ్ళతో దారి గీసి చూపించేవాడు. పిండి పాడుచేయొద్దని నేను గదమాయిస్తే, "దీన్నే ముద్ద చేసి పెట్టమ్మా, తిని పోతా" అనేవాడు.

ఆ మాటలు విని, చింతామణిలో పాత ఇనుము అమ్మే గుజరీ అంగట్లో ఆయన కొన్న పాత చైను బండిని చూసి ఊరంతా నవ్వింది. ఇంటివెనక దానిమీద కాకరతీగ పాకింది.

రాగి కోతలప్పుడు వాన పట్టుకుంది. మా పట్టుపురుగుల షెడ్డు తోపు అవతల ఉంది. దానికున్నది చెట్ల మధ్య ఒక్క సన్నని దారే. పురుగులు గూడు కట్టే వెదురు తట్టలు, చంద్రికల నిండా పట్టుగూళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఒకటి రెండు రోజుల్లో మార్కెట్టు చేరకపోతే లోపలి పురుగుకు రెక్కలొచ్చి గూడు తొలిచేస్తుంది. తొలిచిన గూడునుంచి దారం రాదు. లగేజీ ఆటోవాడు బురద చూసి తోపు మొదట్లోనే వెనక్కి తిరిగాడు. తలమీద మోస్తూ జారిపడితే తడిసి నలిగిన గూళ్ళు ఎవరికీ అక్కరలేదు. "నాలుగు చెట్లు కొట్టేస్తే జేసీబీ వస్తాది" అన్నాడు మా ఆయన. కాపుకొచ్చిన చెట్లు!

వాన తెరిపిచ్చిన పొద్దున్నే బావ కాకరతీగ పీకేశాడు. బురదలో దిగబడకుండా చైన్లకు అడ్డంగా వెడల్పు చెక్కలు బిగించాడు. వెనక గుంటక పళ్ళు, వాటి వెనక ఒక దూలం కట్టాడు. దారి పక్కన కాలువ తీసి నీళ్ళు పోనిచ్చాడు. తరువాత మా గుమ్మంలోకి వచ్చాడు.

"లచ్చమ్మా, మీ కళ్ళం గుండు యాడుండాది?"

రాగులు నూర్చే రాతిగుండు అది. "మా అత్త కాలందది. పగిలితే?"

"కంకులమీద దొర్లి పగల్లేదు, బురదమీద పగుల్తాదా? గూళ్ళు పోతే గుండు నంజుకుని తింటావా, పిసినారిదానా?"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "పనైనాక కడిగి ఈయాల" అని ఇచ్చాను. దాన్ని దూలం వెనక కట్టాడు.

మొదటి విడతలో దూలం ఎగిరెగిరి పడింది. బావ వెనక్కి తిరిగి, "బరువు చాల్లేదు. ఎక్కమ్మా!" అని అరిచాడు. పొలం చదును చేసేటప్పుడు ఎద్దుల వెనక పలకమీద నిలబడడం మాకు అలవాటే. కొంగు దోపుకుని, తాడు పట్టుకుని దూలం ఎక్కాను. అబ్బ! బండి గర్జించింది. మామిడి కొమ్మలు తల మీదుగా పోతున్నాయి, రెండు పక్కలా చెట్లు మోచేతికి తగులుతాయేమో అన్నంత దగ్గర. నా ముందు గుంటక పళ్ళు గడ్డలు చీలుస్తున్నాయి, నా కాళ్ళకింద దూలం వాటిని సర్దుతోంది, వెనక మా అత్త గుండు నున్నగా అణిచేస్తోంది. ముఖమంతా బురద చింది పడుతున్నా తుడుచుకోవాలని తోచలేదు. "ఇంకా బిన్నే, ఇంకా జోరుగా పో బావా!" అని అరిచింది నేనే.

తిరిగి వచ్చేసరికి దారి మొదట్లో ఆడవాళ్ళు ఇళ్ళలో దాచిన రాగి మోపులతో నిలబడి ఉన్నారు. కోతల కాలంలో నున్నటి నేల, దానిమీద దొర్లే గుండు కనిపిస్తే మావైపు అది కళ్ళమే. తారురోడ్డుమీద పరిచి బస్సులతో తొక్కించేవాళ్ళం, దీన్ని వదులుతామా? ఒకామె అప్పుడే కంకులు పరిచేసింది కూడా.

"మాదీ తొక్కించన్నా, ఎట్లాగూ తిరుగుతాండావు కదా!"

బావ తల పట్టుకున్నాడు. తరువాత కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఇది కళ్ళం కాదు తల్లీ, దారి. తీసేయండి. మంచైనా మన్నైనా ఒకటే, తొక్కినాక గట్టిపడేదానికి వదిలేయాల. రేపు పొద్దున దాకా కోడి గూడా అడుగు పెట్టకూడదు." ఆ తరువాత నావైపు చూశాడు. "నువ్వు నిలబడమ్మా. నిన్ను చూస్తే యముడైనా చుట్టు తిరిగి పోతాడు."

కట్టె పట్టుకుని నిలబడ్డాను. సాయంత్రం మా ఆయన వచ్చాడు.

"గట్టుమీద చుట్టు తిరిగి పో" అన్నాను.

"నా తోపు, నా దారి!"

"రేపట్నుంచి."

ఆయన గొణుక్కుంటూ గట్టుమీదుగానే పోయాడు.

తెల్లవారి బావ మడమతో నేల తొక్కి చూశాడు. మడమ దిగలేదు. ఆటో వచ్చింది. గూళ్ళ సంచులు ఎక్కించుకుని చెట్ల మధ్య మెల్లగా కదిలింది. దాని వెనకే నడిచాను. తోపు దాటి రోడ్డెక్కగానే నా నోట్లోంచి వచ్చిన నవ్వు కేకకు కొమ్మలమీద చిలకలు లేచిపోయాయి. "లచ్చమ్మ నవ్వింది, సూడండప్పా!" అని బావ అందరినీ పిలిచాడు. మా చెట్లు నిలిచాయి, గూళ్ళు ఒక్కటీ చెడలేదు. గుండు కూడా కడిగే ఇచ్చాడు.

గట్టిపడేదానికి వదిలేయాలన్న ఆ మాట నాతోనే ఉండిపోయింది. చెయ్యాల్సింది చేసి, చెయ్యి తీసేయడం నాకు అంతకుముందు రాదు. తోడుపెట్టిన పాలను మాటిమాటికీ మూత తీసి చూసేదాన్ని. ఇప్పుడు కోడలికి ఒక మాట చెప్పాక, మళ్ళీ చెప్పబోయి నోరు మూసుకుంటాను. దారి గట్టిపడుతుందిలే అనుకుంటాను.

ఇప్పుడు ఆ బండి నడిపేది బావ కూతురు మంజుల. వాన పడిన ప్రతిసారీ మా గుండు అడిగి తీసుకుపోతుంది. ఈ పొద్దున తోపులోంచి మంజుల కేక వినిపించింది. "చిన్నమ్మా, దూలం ఎగురుతాండాది! బరువు చాల్లేదు!"

"అత్తా, ఈ వయసులో మీరు..." అని కోడలు అంటూనే ఉంది. కాఫీ దండగ కానీయకుండా ఒక్క గుక్కలో తాగేసి, కొంగు దోపుకున్నాను.