సర్ది గోలీ, నా కుడికన్ను

ఆ రోజు పొద్దుగూకినాక పొలం నుంచి వచ్చి వాకిట్లో కూర్చున్నాను. గుంజకు వేలాడే బల్బు చుట్టూ రంగులు కనిపించాయి. వాన వెలిశాక ఆకాశంలో కనిపించే రంగులే, కాకపోతే గుండ్రంగా. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. పోలేదు. కుడికన్ను లోపలి నుంచి ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి. అయినా నా ధ్యాస కంటి మీదకు పోలేదు. అప్పటికే జలుబు పట్టి ఉంది కాబట్టి అంతా జలుబు వల్లే అనుకున్నాను.

మాది గద్వాల దగ్గర ఒక పల్లె. నేనూ మా ఆయనా కౌలు పొలంలో సీడ్ పత్తి, అంటే కంపెనీకి విత్తనాల కోసం పెంచే పత్తి వేసేవాళ్లం. తెలియనివాళ్లకు ఆ పని గురించి కొంచెం చెప్పాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజు మధ్యాహ్నమే గుర్తుపట్టి, రెక్కలూ పుప్పొడీ గోటితో గిల్లేసి, మధ్యనున్న సన్నటి పుల్లను మాత్రం మిగల్చాలి. మరునాడు పొద్దున మగచెట్ల పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. మొగ్గ తప్పిపోయిందా, అది తనంతట తానే పూసి కాయ కడుతుంది. ఆ గింజ కలిస్తే కంపెనీ పరీక్షలో శాంపిల్ ఫెయిల్. పువ్వుకు మన జలుబూ తెలియదు, జ్వరమూ తెలియదు. తడి చెట్ల మధ్య నడుము దాకా నానుతూ తిరిగేవాళ్లకు ఆ కాలంలో ముక్కు కారని రోజుండదు. అందుకే మా ఆడవాళ్ల కొంగుముడిలో వక్కాకు ఉన్నా లేకున్నా జలుబు మాత్రలు, మేమనే సర్ది గోలీలు ఉంటాయి.

ఇంటి వైద్యానికీ లోటు లేదు. "పడిశం పది రోగాల పెట్టు, తాగు" అని మా అత్త మిరియాల కషాయం కాచి ఇచ్చింది. వనపర్తి దిక్కున ఉండే మా అక్క లక్ష్మి ఏటా క్రాసింగ్‌కు సాయం వస్తుంది. ఆమె వావిలాకు వేసి ఆవిరి పట్టించింది, నుదుటికి శొంఠి పట్టు వేసింది. కషాయానికి గొంతు హాయిగా ఉండేది. ఆవిరికి కాసేపు ముక్కు తెరుచుకునేది. అంతకుమించి ఏమీ లేదు. మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని ఊరికే అన్నారా! గోలీ వేసుకుంటే మాత్రం ముక్కు ఎండిపోయి పని సాగేది. పూటకొకటి వేసుకున్నాను.

రంగులు కనిపించిన ఆ సాయంత్రం నేను తల పట్టుకుని కూర్చుంటే అక్క వచ్చి చూసింది.

"ఏందే, గట్ల కూసున్నవ్?"

"కన్ను గుంజుతుందక్కా. తలకాయ పగిలిపోతుంది."

"సర్ది తలకెక్కింది. ఇంకో గోలీ ఏసుకొని పండుకో. పొద్దుగాల్లకు దిగుతది."

వేసుకున్నాను. వాంతులు మొదలయ్యాయి. తెల్లవారి మా ఊరి ఆర్‌ఎంపీ చూసి, "సైనస్ అమ్మా, పరేషాన్ కాకు" అని ఒక సూది వేసి, కాగితంలో మాత్రలు కట్టి ఇచ్చాడు. అందులోనూ అవే గోలీలు ఉన్నాయి. కన్ను ఎర్రగా ఉబ్బి ఉండటం చూసి మా ఆయన బెదిరాడు. "గద్వాలకు పోయి సూపిద్దామా?" అన్నాడు.

"పూలు అయిపోనీ, పోదాం. పువ్వు ఆగుతదా?" అన్నాను నేను.

మరునాడు చాళ్లలో ఉండగా ఎడమకంట్లో నలుసు పడింది. ఆ కన్ను మూశాను. పొలం మాయమైంది. ఎదురుగా మాట్లాడుతున్న అక్క గొంతు మాత్రం వినిపిస్తోంది, మనిషి లేదు. అక్కా అని అరిచాను. అక్క నన్ను పట్టుకుని గట్టు మీదకు తెచ్చింది.

గద్వాలలో కంటి డాక్టరు మిషన్ పెట్టి చూసి, ఏం మందులు వాడుతున్నావని అడిగాడు. కొంగుముడి విప్పి గోలీల స్ట్రిప్ బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పాడు. "ఇది గ్లాకోమా. యాంగిల్ క్లోజర్. కంట్లో ప్రెషర్ బాగా పెరిగింది. ఇక్కడ ఆగొద్దు, కర్నూలు పోండి" అన్నాడు.

కర్నూలులో కంటి ప్రెషర్ దించడానికి మ్యానిటాల్ సెలైన్ ఎక్కించారు, చుక్కల మందులు వేశారు, రెండు కళ్లకూ లేజర్ చేశారు. అక్కడి డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "నీ కళ్లు పుట్టుకతోనే ఇరుకు. లోపలి నీళ్లు బయటికి పోయే దారి సన్నం. ఎప్పుడో ఒకప్పుడు మూసుకునేదేమో, ఈ గోలీలు ఇప్పుడే మూశాయి. అందరికీ ఇట్లా కాదు, నీలాంటి కళ్లున్నవాళ్లకే. నొప్పి తగ్గిస్తాం. ఎడమకన్నును కాపాడుకుందాం. కుడికంటి నరం దెబ్బతింది, పోయిన చూపు రాదమ్మా."

"పోనీ ఆ గోలీతో సర్ది అన్న తగ్గిందా మేడం?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"గోలీ జలుబును తగ్గించదు. ముక్కు కారడాన్ని కాసేపు ఆపుతుంది. జలుబు దానంతట అదే పోతుంది."

కన్ను పోయిందన్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. దానంతట అదే పోయేదాని కోసం కన్ను పోగొట్టుకున్నాను.

వచ్చేటప్పుడు డాక్టరమ్మ అక్కను చూసి, తోడబుట్టినవాళ్లకూ ఇలాంటి కళ్లే ఉండొచ్చు, నువ్వూ పరీక్ష చేయించుకో అంది. "నాకేమైంది మేడం, సూది బెజ్జంల దారం ఎక్కిస్త" అని నవ్వింది అక్క.

కొన్నాళ్లకు కుడికంట్లో ప్రెషర్ మళ్లీ పెరిగింది. ఆపరేషన్ చేశారు. రాదని చెప్పారు కదా, అయినా ఆశ చావదు. కట్టు విప్పే పొద్దున మొక్కని దేవుడు లేడు. విప్పి టార్చి వేశారు. వెలుతురు ఎటు నుంచి వస్తోందో కూడా తెలియలేదు. మా ఆయన బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఒంటికన్నుతో ఇంకో పంటకాలం ప్రయత్నించాను. ఏది దూరమో ఏది దగ్గరో అందదు. మొగ్గ ఇక్కడుందనుకుంటే అక్కడుంటుంది. గోరు వేస్తే రెక్కలతో పాటు పుల్ల కూడా తెగిపోయేది. మా ఆయన నా వెనుక చాల్లోనే వస్తూ తెగిన మొగ్గలను చప్పుడు కాకుండా తుంచి జేబులో వేసుకునేవాడు. నేను చూడలేదనుకునేవాడు. ఆ ఏడాదితో కౌలు వదిలేశాం. ఇప్పుడు ఆయన ఒక్కడే కూలికి పోతాడు. నేను ఇంట్లో గ్లాసులో నీళ్లు పోస్తే సగం కింద పోతాయి. ఎడమకన్ను ఎంతకాలమో తెలియదు, పరీక్షలకు పోతూనే ఉన్నాను.

ఊళ్లో ఎవరూ నమ్మరు. కంట్లో పత్తి మందు పడిందని కొందరు, దిష్టి అని కొందరు. ఆర్‌ఎంపీ అయితే, "సర్ది గోలీకి కన్ను పోతే ఊర్ల ఒక్కరికన్న కండ్లుంటయా?" అన్నాడు. నిజమే, అందరికీ ఏమీ కాలేదు, నాకే అయింది.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. కషాయం తాగండి, ఆవిరి పట్టండి, నష్టం లేదు. గోలీ వేసుకున్నాక మాత్రం కన్ను నొప్పి పుట్టినా, దీపం చుట్టూ రంగులు కనిపించినా, సర్ది తలకెక్కిందనుకోకండి. గోలీ ఆపి, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పోండి. మా ఇంట్లోవాళ్లకే నచ్చజెప్పలేకపోతున్నాను, మీరైనా వినండి.

ఈ ఏడు అక్క వేరేవాళ్ల పొలంలో క్రాసింగ్ చేస్తోంది. నిన్న ఫోన్ చేస్తే గొంతు బొంగురుగా ఉంది.

"గోలీ ఏసుకున్నవా అక్కా?"

"ఏసుకున్న. లేకుంటే ముక్కు వంగనిస్తదా?"

"రేపు కర్నూలు పోదాం. జర నా మాటిను. ఒక్కసారి కండ్లు సూపిచ్చుకొని వద్దాం."

"పూలు అయిపోనీయే, పోదాం" అంది అక్క. "పువ్వు ఆగుతదా?"