బాణం కదులుతూనే ఉంది

అక్క గొంతు ఒక్కచోటే మిగిలి ఉందని నమ్మాను. ఆపరేషన్‌కు ముందు ఆదివారం ఆమె మా చర్చిలో సంఘమంతటి ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది. ఆరాధన మొత్తం లైవ్‌లో వెళ్ళింది, కాబట్టి ఆ మాటలు కూడా సంఘం చానల్లో ఉండాలి. ఫోనులో వాయిస్ మెసేజీలు పెట్టే మనిషి కాదు అక్క. ఫోన్ చేస్తే పోయేదానికి అవన్నీ ఎందుకనేది.

ఆమె పోయిన కొన్నాళ్ళకే సంఘం రెండుగా చీలింది. గొడవ ఎక్కడ మొదలైందో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. కుర్చీలు, సౌండ్ బాక్సులు మాత్రం మర్చిపోకుండా పంచుకున్నారు. చానల్ అవతలివాళ్ళకు పోయింది. దాన్ని నడిపే సంఘపెద్ద ఒకరోజు ఫోన్ చేశాడు.

"వందనాలు సిస్టర్. వచ్చే ఆదివారం నుంచి మాది కొత్త పేరు. పాత వీడియోలన్నీ తీసేస్తా ఉండాం. మీ అక్కది కావాలంటే ఈలోపల దించుకోండి."

"అదొక్కటీ ఉంచకూడదా బ్రదర్?"

"ఒకటుంచితే అందరూ అడుగుతారు. ఎవురికని చెప్పేది?"

అక్క మంచం మీద ఉన్నప్పుడు వచ్చి చాలాసేపు ప్రార్థన చేసింది ఇతనే. ఆ ప్రార్థనలో అక్క పేరు తప్పు పలికాడు. కళ్ళు మూసుకునే ఉన్నా అక్క నవ్వడం చూశాను.

నా ఫోనులో అంత పెద్ద వీడియోకు చోటు లేదు. ఇంట్లో అక్క కంప్యూటర్ ఉంది. సండేస్కూల్ పిల్లల పాఠాలు దాంట్లోనే టైప్ చేసేది. నేను పుస్తకాలతో సరిపెట్టుకునేదాన్ని, దాని జోలికి పోయేదాన్ని కాదు. ఇప్పుడు దాని ముందు కూర్చుని డౌన్‌లోడ్ మొదలుపెట్టాను. కొంతదూరం పోయి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఆగింది. పోనీ దించకుండా చూద్దామంటే, ప్రకటనలు చదువుతున్న కుర్రాడు నోరు తెరిచిన చోట బొమ్మ బిగుసుకుపోయింది. అక్క వంతు రావడానికి ఇంకా చాలాసేపుంది.

నెట్ కనెక్షన్ ఇచ్చినతన్ని పిలిచాను. తన ఫోనులో ఏదో సినిమా పాట పెట్టి చూపించి, "నెట్టు బాగానే ఉండాదక్కా" అని వెళ్ళిపోయాడు.

ఏది పాడైనా ముందు దాని గురించి చదవడం నా అలవాటు. ఒకచోట ఒక పరీక్ష రాసి ఉంది. వీడియో ఆగినప్పుడు మౌస్ కదిలించి చూడాలి. తెర మీద బాణం కదిలితే తప్పు నెట్‌లోనో వీడియోలోనో ఉంది. బాణం కూడా కదలకపోతే తప్పు కంప్యూటర్‌ది. కదిలించాను. బాణం కదల్లేదు.

పనికిరాని ఫైళ్ళు తీసేశాను. అక్క పాఠాలు ముట్టుకోలేదు. వైరస్ ఉందేమో వెతికించాను. చిన్న చిన్న ఫైళ్ళు చక్కగా దిగుతున్నాయి. పెద్దది పెడితే మాత్రం కాసేపటికి అంతా కొయ్యబారిపోతోంది. ఆదివారం దగ్గర పడుతోంది.

ఆ సమయంలో వదిన వచ్చింది. మా అన్న భార్య. అక్కకూ ఆమెకూ ఎప్పుడూ పడేది కాదు. అక్క పోయాక మాత్రం చేపల పులుసు పట్టుకుని తరచుగా వస్తోంది. గిన్నె దించి, బల్ల పక్కన ఉన్న సీపీయూ వైపు చూసింది.

"ఏందిమే, దానికి జరమొచ్చిందా? దుప్పటి కప్పి కూర్చోబెట్టినావు!"

"ఉప్పుగాలి తగలకుండా అక్క కుట్టింది వదినా."

"కుట్టింది సరే. వాడేటప్పుడు ఇప్పి పక్కన పెట్టేది గదా, నేను జూళ్ళా? నువ్వేమో ఊపిరాడకుండా గోనెలో కట్టినట్టు కట్టినావు."

వదిన ఎగతాళికే అంది. నేను తొడుగు కిందకు చెయ్యి పోనిచ్చాను. పెట్టె కాలుతోంది. గాలి ఆడకపోతే కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతుందని నేను చదివిన చోట్లన్నిట్లోనూ ఉంది. చదివినప్పుడు దుమ్మే కారణమనుకుని ముందువైపు తుడిచి ఊరుకున్నాను.

అది అక్క పాత నూలుచీరతో కుట్టిన తొడుగు. వెనకవైపు నాడాలుంటాయి. ఆసుపత్రికి బయలుదేరిన రోజు పొద్దున పిల్లల పాఠమొకటి పూర్తిచేసి, కంప్యూటర్ ఆపి, ఆ నాడాలు ముడివేసింది. ఆ తర్వాత నేను ముందుభాగం మాత్రం పైకెత్తి బటన్ నొక్కుతూ వచ్చాను. అది అక్క వేసిన ముడి.

"కత్తెర తెచ్చేదా?" అంది వదిన.

వద్దన్నాను. ముడి బాగా బిగుసుకుని ఉంది. గోళ్ళతో విప్పాను.

ఆ సాయంత్రమే వీడియో మొత్తం దిగింది, ఎక్కడా ఆగలేదు. తలుపు దగ్గరగా వేసి, తొందరపడకుండా మొదటినుంచీ చూశాను. ప్రకటనలు, పాటలు, కానుకలు. తర్వాత అక్క లేచి వచ్చింది. తనకంటే పొడుగ్గా ఉన్న మైకును కిందికి వంచుకుంది.

"అందరికీ వందనాలండీ. నేను ఎక్కువ మాట్లాడను" అంది.

బొమ్మ ఆగిపోయింది.

మౌస్ కదిలించాను. బాణం కదిలింది. తెర ఈ చివరనుంచి ఆ చివరకు, అక్క ముఖం మీదుగా, ఎటు తిప్పితే అటు పోయింది. కింద నిమిషాలు కూడా నడుస్తూనే ఉన్నాయి. ఆగింది బొమ్మా, గొంతూ మాత్రమే. చివరకు బొమ్మ కదిలేసరికి మైకు దగ్గర పాస్టర్‌గారున్నారు. అందరూ ఆమెన్ అంటున్నారు.

సంఘపెద్దకు ఫోన్ చేశాను.

"ఆ రోజు వాన గదా సిస్టర్, మధ్యలో నెట్టు పొయ్యింది. ఇళ్ళకాడ లైవ్ చూసేవాళ్ళు అప్పుడే అడిగినారు. మీకు తెలుసనుకున్నా."

నేను ఆ రోజు హాల్లో ముందు వరుసలో కూర్చుని ఉన్నాను. నాకెట్లా తెలుస్తుంది?

"అయినా వీడియో దిగింది గదా?" అన్నాడు.

"దిగింది."

"దేవునికి స్తోత్రం."

తొడుగు మళ్ళీ వేసి నాడాలు కట్టాను. నా ముడి వదులుగా వచ్చింది. కంప్యూటర్ ఇప్పుడు బాగా పనిచేస్తోంది.