తువ్వాల కింద విమానం బేరం

మామునూరులో మళ్ళీ విమానాలు దిగబోతున్నాయని మొన్న పేపర్లో చదివి, ఆ నేల మీద నుంచి నేను ఎప్పుడో గాలిలోకి లేచిన మనిషినని ఇంట్లో అన్నాను. ఎవరూ నమ్మలేదు. నా ఈడువాళ్ళారా, మీరైనా వినండి.

అరవైల మొదట్లో వరంగల్ గింజల మార్కెట్లో మా మేనమామకు రైతుల గింజలు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉండేది, నేను అందులో లెక్కలు రాసేవాణ్ణి. పైర్ల మీద మందు చల్లడానికి ఒక విమానం తిప్పితే జిల్లా అంతా తన చేతిలోనే ఉంటుందని ఆయనకు ఎవరో నూరిపోశారు. నౌకరీ విడిచిన పైలట్ ఒకాయన తన పాత రెండు సీట్ల విమానాన్ని అమ్మకానికి మామునూరులో నిలిపాడని తెలియగానే నన్నూ, మేస్త్రీనీ లారీ ఎక్కించాడు. పైలట్ ఎనిమిది వేలన్నాడు. మామ ఎద్దు పళ్ళు చూసినంత శ్రద్ధగా పంకా రెక్కలు తడిమి, షరతులు పెట్టాడు: మా లారీ మేస్త్రీ ముందర ఇంజను మూత తీయాలి, మా మనిషిని కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పాలి, పెట్రోలు మాది, లేస్తేనే బేరం, లేవకుంటే ఎవరి దారి వారిది.

ఆ మనిషిని నేనే. నేల కిందికి జారిపోయింది, ఖిలా వరంగల్ తోరణాలు అగ్గిపెట్టెలంత అయ్యాయి, కొత్తవాడలో ఆరేసిన జంపఖానాలు పేకముక్కల్లా కనబడ్డాయి. రేగిన దుమ్ములో మామకు ఏమీ కనబడలేదు, దిగగానే ఆయనకూ ఇదే చెప్పాను.

మామ సంబరంగా భుజం మీది తువ్వాల తీసి పైలట్ చేతి మీద కప్పాడు. మా మార్కెట్లో ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వేలు, అవతలి మనిషి గట్టిగా నొక్కితే ఒప్పుకున్నట్టు. మామ మూడు వేళ్ళు పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి దాన్ని షేక్‌హ్యాండ్ అనుకొని, ఎనిమిదికి ఒప్పుకున్నారన్న సంతోషంతో నలిగేలా నొక్కాడు.

మామ మూడు వేలు లెక్కపెట్టి ఇస్తే పైలట్ మిగతా ఐదూ అడిగాడు. సంగతి బయటపడేసరికి ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి. చెయ్యి కలిపి మాట తప్పాడన్న పేరు పుడితే మార్కెట్లో మామకు ఇంకెవరూ చెయ్యి చాపరు. దుకాణం కుదువ పెట్టయినా ఎనిమిదీ ఇస్తానని ఆయన అనేసరికి నేను అడ్డుపడ్డాను.

“మామా, ఇమానం లేసిందో లేదో నాకు ఎర్కలేదు. కండ్లు మూసుకున్న.”

“మరి కోట ఎట్ల కనవడ్డదిరా అల్లుడా?”

“చిన్నప్పటిసంది చూసిన కోటనే గద. మీదికెల్లి గట్లనే ఉంటదనుకున్న.”

పైలట్ తల గోక్కున్నాడు. “చక్రాలు లేవలే సేట్‌జీ, ఇంజను గరమైంది. జర చెప్పుదామంటే మీ అల్లుడు అప్పటికే కోట దాటిపోయిండు.”

మామ నన్ను కొట్టడానికి ఎత్తిన చెయ్యి నవ్వుతో దిగిపోయింది. లేవలేదు గనుక బేరమూ లేదు, మాటా పోలేదు. లారీ నీడలో చాయ్ తాగుతూ ఆ పైలట్‌కు వేళ్ళ లెక్క నేర్పాడు.

ఇప్పుడు మార్కెట్లో ధరలు తెర మీద వెలుగుతున్నాయి. ఇలాంటి పొరపాట్లకు చోటు లేదు, మంచిదే. కానీ అవతలివాడి అరచెయ్యి చెమర్చిందో, వణికిందో ఎవరికీ తెలియదు. ఒక్కోసారి, అమ్మేదీ కొనేదీ ఏమీ లేకపోయినా, ఎవరి ముందైనా ఊరికే చెయ్యి చాపాలనిపిస్తుంది.