నూటయాభై ఏళ్ల దీపలక్ష్మి

చింతపండుతో ఇత్తడి తోమే వాసన ఎక్కడ తగిలినా నాకు సుబ్బక్క గుర్తొస్తుంది. ఈ ఉదయం పక్కింటావిడ చెంబులు ముందేసుకుని వాకిట్లో కూర్చుంది. చేస్తున్న పని పక్కన పెట్టి, ఆ వాసన కోసమే కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. సుబ్బక్కకు బెంగళూరు దగ్గర చింతామణిలో పాత ఇత్తడి, రాగి సామాన్ల అంగడి ఉండేది. డిగ్రీ అయ్యి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను పిలిచి, "నీకు ఫోను తెలుసు, నాకు ఇత్తడి తెలుసు. ఆన్‌లైన్‌లో పెట్టి చూస్తాము రా" అని పనిలో పెట్టుకుంది. అప్పటిదాకా నా ఫోను పిచ్చిని తిట్టినవాళ్లే తప్ప మెచ్చుకున్నవాళ్లు లేరు. ఆ ఒక్క మాటకే ఆమెకు దాసోహమైపోయాను.

బట్లహళ్ళిలో మునెమ్మ అనే అవ్వ ఇంట్లో పాత సామాన్లు తీసేస్తుంటే సుబ్బక్క తూకానికి కొన్నది. వాటిలో ఒక దీపలక్ష్మి ఉంది. రెండు చేతులతో ప్రమిద పట్టుకున్న జానెడు బొమ్మ, నిండా మసి. మా అమ్మ కడుపున పుట్టినదాన్ని, మసి చూస్తూ ఊరుకుంటానా? చింతపండు వేసి తళతళలాడేదాకా తోమి ఫోటో తీశాను. కింద 'నూటయాభై ఏళ్ల నాటిది' అని రాశాను. అందరూ అలాగే రాస్తున్నారు మరి. రెండో రోజే విదేశం నుంచి ఒకాయన ఆర్డర్ పెట్టాడు. ఎగిరి గంతేసి, పెట్టెలో గడ్డి పరిచేశాను.

సుబ్బక్క ఆ ఫోటో చూసి పకపకా నవ్వింది. "నూటయాభై ఏండ్ల ముసలమ్మకి పెండ్లికూతురి ముఖం యాడనుంచి వచ్చెనమ్మా?" అని, నవ్వు ఆపి, "వయసు నీకెవరు చెప్పిరి?" అంది.

"చూస్తే అట్లే ఉండాది కదక్కా."

"నిజంగా నూరేండ్లు దాటింటే దాన్ని దేశం దాటించేది నేరం. ఈడ అమ్మల్లన్నా లైసెన్సు ఉండాల, మనకి లేదు. దాటకపోయింటే నువ్వు రాసింది అబద్ధం. యా పక్కనుంచి చూసినా తప్పు మనదే."

నాకు ఏడుపొచ్చింది. ఈ ఆర్డర్ పోతే ఆన్‌లైనూ వద్దు, నువ్వూ వద్దు అని ఇంటికి పంపేస్తుందని భయం. ఆమె మాత్రం నాచేతనే ఆయనకు ఫోను చేయించి, వయసు తెలియకుండానే రాశానని చెప్పించింది. ఆయన తిట్టి ఆర్డర్ రద్దు చేశాడు. ఆ తర్వాత ఇద్దరం బొమ్మను తీసుకుని బెంగళూరులో పురావస్తు అధికారి దగ్గరికి వెళ్లాం. ఆయన తిప్పి తిప్పి చూసి, నూరేళ్లు ఎప్పుడో దాటిందని, నూటయాభై దాకా ఉంటాయని తేల్చాడు. పాత ఛాయంతా పోయేలా తోమినందుకు నన్ను నాలుగు చివాట్లు కూడా పెట్టాడు.

తిరుగు బస్సులో నాకు ఎక్కడలేని హుషారు. "చూస్తివా అక్కా, నేను రాసింది నిజమే అయ్యె!"

"ఇప్పుడు నిజమయ్యెనమ్మా. రాసినప్పుడు అబద్ధమే కదా" అంది సుబ్బక్క.

మర్నాడు సుబ్బక్క బొమ్మను బట్లహళ్ళికి తీసుకెళ్లి మునెమ్మవ్వ చేతిలో పెట్టింది. "తూకానికి పోయేది కాదవ్వా ఇది. మీ పేరుతోనే సర్కారు దగ్గర నమోదు చేయిస్తాను" అంది. అవ్వ దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, "పోయినదానివి మళ్లా వస్తివా తల్లీ" అంది. నన్ను ఇంటికి పంపుతుందనుకున్న సుబ్బక్క, మరుసటి పొద్దున ఇంకో కుప్ప పాత సామాన్లు నా ముందు పోసింది. "తెలీకపోతే తెలీదని రాయి. నీ వేలేమీ అరిగిపోదు!"

సుబ్బక్క ఇప్పుడు లేదు. అంగడి నేనే చూసుకుంటున్నాను. కొనేవాళ్లు మొదట అడిగేది వయసే. 'తెలియదు, విచారించి చెప్తాను' అని రాస్తాను. అది చదివి వెళ్లిపోయినవాళ్లు చాలామంది. మోసపోయామని తిరిగొచ్చినవాళ్లు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ లేరు. ఆ తృప్తి ఆమె నాకు పెట్టిన భిక్ష.