పెద్దమ్మ చేతి చెంబు

సిద్దిపేటలో మా పెద్దమ్మ చేతిలో ఎప్పుడూ ఇత్తడి చెంబు ఉండేది. అవి రజాకార్ల రోజులు. ముట్లుడిగాక ఆమెకు మూత్రం ఆగేది కాదు, పోస్తే మంట. మాటిమాటికీ చెంబుతో పెరట్లోకి పోయేది.

బట్టల దుకాణం నడిపే పెద్దబాపుకు అనుమానం. పెండ్లాం పక్కలోకి రానంటోంది, పెరట్లోకి మాత్రం పరుగెడుతోంది. "ఎవనికోసం పోతున్నవే?" అని బెల్టుతో కొట్టేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమెను జుట్టు పట్టి పెరట్లోంచి ఈడ్చుకొచ్చాడు. గడప తగిలి ఆమె నుదురు చిట్లింది. మళ్లీ బెల్టు ఎత్తగానే పెద్దమ్మ చెంబుతో ఆయన మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు మా అందరికీ వినిపించింది.

"నువ్వంటే ఒల్లక కాదు. లోపల ఎండిపోయి పుండు లెక్క మండుతది" అంది.

ఆయన ఎడమ చేత్తో రోకలి అందుకున్నాడు. ఆయన తల్లి, మా బాపమ్మ, అడ్డం వచ్చి దాన్ని పట్టుకుంది.

"నాకూ గిట్లనే మండింది బిడ్డా. మీ నాయిన నా పండ్లు రాలగొట్టిండు గని, ఏందని అడగలే. ముందుగాల నన్ను కొట్టు."

ఆయన రోకలి వదిలేశాడు.

ఆ సాయంత్రమే బాపమ్మ నువ్వుల నూనె కాచి చల్లార్చి, దూదితో ఎట్లా రాసుకోవాలో కోడలికి చెప్పింది. రోజూ రాయగా మంట చాలామటుకు తగ్గింది. మూత్రం తొందర మాత్రం పోలేదు.

చెయ్యి అతికేదాకా పెద్దమ్మే ఆయనకు అన్నం తినిపించింది. ఒకనాడు ఆయన మెల్లగా అడిగాడు. "ఇగ నా అర్రలకు వస్తవా?"

"మంటైతే తగ్గింది. దెబ్బలు మానలే" అని పెద్దమ్మ ఆయన మూతి తుడిచి, తన మంచం అత్త గదిలో వేసుకుంది.