ఎడమ తెర మీద గూడబాతు

అరవైల మొదట్లో నెల్లూరులో నేను గుమ్మం తెరలకు బొమ్మలు గీసేదాన్ని. వాటిని కొయ్య అచ్చులతో బట్ట మీద అద్దేది మా వీధి చివరి సాయిబు గారు. నేను మామా అని పిలిచేదాన్ని. మిల్లు గుడ్డలు వచ్చాక ఆయన షెడ్డులో పని సన్నగిల్లింది. మద్రాసు కొట్టాయన మా తెరలు చూడటానికి వస్తానని రాసినప్పటి నుంచీ నాకు అన్నం సయించలేదు. ఈ ఆర్డరు తప్పిందంటే షెడ్డు మూతే.

దొరవారిసత్రం దగ్గర చెరువులో చూసిన గూడబాతును గీశాను. ఈకలన్నీ గీస్తే అచ్చులో అలుక్కుపోతాయని ఒక్కొక్కటీ తీసేస్తూ పోయాను. చివరికి పెద్ద ముక్కు, దాని కింద సంచి, ఒక రెక్క మిగిలాయి. ఒక అచ్చు చెక్కించాం. దాంతోనే మామ రెండు తెరలూ అద్దారు. నా బెంగంతా ముక్కు గురించే. గరిటెలా ఉందేమోనని పదిసార్లు చూసుకున్నాను. చూడాల్సింది మాత్రం చూడలేదు.

ఆయన వచ్చే రోజు పొద్దున రెండు తెరలూ గుమ్మానికి కట్టాం. గుమ్మం తెరలంటే జత పక్షులు ఎదురెదురుగా చూసుకోవాలి. మావి రెండూ ఒకే వైపు చూస్తున్నాయి. ఒకటి రెండోదానికి వీపు చూపిస్తోంది. ఎడమకొకటి, కుడికొకటి, రెండు అచ్చులు కావాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

మామ కాసేపు చూసి, ఎడమ తెరను తిరగేసి కట్టారు. పక్షులు ఎదురెదురయ్యాయి. కానీ బట్ట వెనక వైపు రంగు వెలిసినట్టుంది.

"అడిగితే నేను చెప్తాలే పాపా. నువ్వు నోరు మెదపబాక. గీసినోళ్ళ తప్పంటే లేచెళ్ళిపోతాడు. అద్దినోడి తప్పంటే ఇంకో ముక్క చూపించమంటాడు."

కొట్టాయన రాగానే ఆ తెరే పట్టుకున్నారు. "ఇదేంటి, ఇంత పాలిపోయింది?"

"రంగు సరిగా పట్టలేదు సార్. నా చేతి తప్పు," అన్నారు మామ. నాకు తెలిసి ఆ చెయ్యి ఎన్నడూ తప్పింది లేదు.

కొట్టాయన నా వైపు తిరిగారు. "బొమ్మ బాగుందమ్మా. మాకు కావాలి. అద్దకం మాత్రం బందరులో చేయించుకుంటాం."

తప్పు నాదన్న మాట నోటిదాకా వచ్చింది. చెబితే బొమ్మ కూడా వద్దంటారేమోనని భయపడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ భయమే గెలిచింది. తలూపాను.

ఆయన వెళ్ళాక మామ తెరలు విప్పి మడత పెట్టారు. అచ్చు కడిగి, తుడిచి, బందరు పంపమని నా చేతిలో పెట్టారు.

"ఎడమ దానికి ఇంకో అచ్చు చెక్కించమని రాయి పాపా. మరిచిపోబాక."